నిచ్చెన ఎక్కితే రేటు ఎక్కినట్టే

ఆ రోజుకు పెట్రోలు బంకు మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు భార్య కారు నడుపుకుంటూ బంకుకు వస్తుంది. పక్కసీట్లో లైసెన్సున్న మనిషి హోదాలో ఆయన తండ్రి కూర్చుని ఉంటాడు. కారులో పెట్రోలు పోయించుకుని, బంకును పంపు దగ్గరి పెద్దాయనకు అప్పజెప్పి, ముగ్గురూ కలిసి డ్రైవింగు టెస్టు మైదానానికి వెళ్తారు. పదకొండుకు టెస్టు. పన్నెండు కల్లా ఆవిడ చేతిలో లైసెన్సు. ఇందులో తేడా రావడానికి చోటెక్కడుందని ఆయన ధీమా.

బంకు మేనేజరు కారులో ముందురోజే పెట్రోలు ఎందుకు లేదని ఎవరైనా అడగవచ్చు. ఆవిడ కూడా పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే అడుగుతోంది. ఆ కారులో ముల్లు ఎప్పుడు చూసినా ఎర్రగీత మీదే కునికిపాట్లు పడుతూ ఉంటుంది. "నూతి పక్కన కాపురముండేవాడు కుండల్లో నీళ్ళు దాచుకుంటాడా?" అని ఆయన ఎదురు ప్రశ్న వేస్తాడు. సమాధానం లేని ప్రశ్నలు వేయడంలో ఆయన దిట్ట.

ఆవిడ నర్సు. పన్నెండేళ్ళుగా ఆసుపత్రిలో ఒకే వార్డులో నిలబడి నిలబడి పాదాలు అరిగిపోయాయి. ఇప్పుడు అదే ఆసుపత్రి వాళ్ళు, మంచం దిగలేని రోగులను ఇళ్ళకు వెళ్ళి చూసే ఉద్యోగం ఇస్తామన్నారు. కారు వాళ్ళే ఇస్తారు, నడుపుకోవడం మాత్రం ఆవిడే నడుపుకోవాలి. రేపు సాయంత్రంలోగా లైసెన్సు చూపించకపోతే ఆ ఉద్యోగం వరసలో ఉన్న తరువాతి మనిషికి పోతుంది. ఆవిడ ఇప్పటికే రెండుసార్లు టెస్టు తప్పింది. రెండుసార్లూ ఎత్తు మీద కారు ఆపి మళ్ళీ కదిలించమన్నచోట, కారు ముందుకు పోవడానికి బదులు మర్యాదగా వెనక్కి జారింది. రెండోసారి వెనక నిలబడి రాసుకుంటున్న ఇన్‌స్పెక్టరు, పుస్తకం వదిలేసి గోడెక్కాడు. ఆయన తిట్టడు, అరవడు. కళ్ళజోడు సర్దుకుని "మళ్ళీ రండి" అంటాడు, అంతే. నేర్చుకునేవాళ్ళంతా ఆయనకు 'మళ్ళీరా గారు' అని పేరు పెట్టుకున్నారు.

ఇక బంకు సంగతి. ఎత్తుగా ఎక్కిపోయే రోడ్డుకు సరిగ్గా నెత్తిన ఉంటుంది. దాని ముందు రేట్ల బోర్డు. మిగతా బంకుల్లో అంకెలు వాటంతటవే వెలుగుతుంటే, ఈ యజమాని మాత్రం తాతలనాటి రేకు పలకలనే నమ్ముకున్నాడు. రేటు మారినప్పుడల్లా మేనేజరు నిచ్చెన వేసుకుని ఎక్కి, పాత అంకె తీసి మేకుకు కొత్త అంకె తగిలించాలి. పద్దెనిమిదేళ్ళుగా ఆయన తెల్లవారకముందే ఎవరి కంటా పడకుండా ఆ పని కానిచ్చేవాడు. అయినా ఊళ్ళో బండి ఉన్న ప్రతివాడికీ ఒక సంగతి తెలుసు: నిచ్చెన బోర్డుకు ఆనితే రేటు పెరిగినట్టే. ఎందుకంటే, ఆ నిచ్చెన మనిషి దిగడానికి తప్ప రేటు దించడానికి పనికొచ్చిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఆ రోజు ఎనిమిదిన్నరకు మేనేజరు టీ గ్లాసుతో బయటికొచ్చి బోర్డు వైపు చూశాడు. చివరి అంకె ఒక పక్కకు ఒరిగి ఉంది. మేకు వదులైంది. ఆయన ఆకలినైనా ఓర్చుకుంటాడు గానీ వంకరగా ఉన్న అంకెను ఓర్చుకోలేడు. పైగా టెస్టు రోజున వంకర ఎందుకనిపించింది. రోడ్డు నిండా బండ్లు తిరుగుతున్న వేళ, పట్టపగలు, నిచ్చెన తెచ్చి బోర్డుకు ఆనించాడు.

అటుగా పోతున్న టాక్సీ ఒకటి ఠక్కున ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు.

"పెరుగుతోందా సార్?"

"ఏం లేదయ్యా. మేకు ఊడింది."

టాక్సీ డ్రైవరు మెల్లగా నవ్వాడు. ఆ నవ్వుకు కారణం ఉంది. కొత్త రేటు అమల్లోకి వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదని కంపెనీ నియమం. అందుకని పద్దెనిమిదేళ్ళుగా ఎవరడిగినా మేనేజరు "ఏం లేదు" అనే చెప్తూ వచ్చాడు. ఆయన ఏం లేదన్న ప్రతిసారీ తెల్లారేసరికి ఏదో ఒకటి ఉండనే ఉండేది. ఊళ్ళో డ్రైవర్ల భాషలో ఆ రెండు మాటలకూ అర్థం ఒక్కటే: నింపుకోండి.

"ఫుల్ ట్యాంకు కొట్టించండి సార్" అన్నాడు టాక్సీ డ్రైవరు, పంపు దగ్గరికి పోనిస్తూనే జేబులోంచి ఫోను తీస్తూ.

మేకు రంధ్రం పెద్దదైపోయింది. ఇంకాస్త లావు మేకు కావాలి. మేనేజరు పలక తీసి చంకలో పెట్టుకుని, లోపలికి వెళ్ళి సొరుగులన్నీ వెతికాడు. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ బోర్డు మీద చివరి అంకె స్థానం ఖాళీగా ఉంది. ఖాళీ అంత భయం పుట్టించే అంకె ఇంకొకటి లేదు. చూసినవాడల్లా తన గుండెకు తోచిన అంకెను అందులో పెట్టుకున్నాడు.

మేకు దొరకబుచ్చుకుని ఆయన బయటికొచ్చేసరికి పంపు ముందు పదకొండు బండ్లున్నాయి.

"అయ్యా, రేటు పెరగడం లేదు! ఇదిగో, పాత అంకే మళ్ళీ పెడుతున్నా!" అని పలక పైకెత్తి అందరికీ చూపించాడు.

"ఇప్పటికి పాతదే పెడతారులెండి" అని ఎవరో సానుభూతిగా అన్నారు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. మేనేజరు ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'ధర పెరగడం లేదు' అని రాసి పంపుకు కట్టాడు. అసలు రేటు సంగతే తెలియక గాలి కొట్టించుకోవడానికి వచ్చిన స్కూలు వ్యాను డ్రైవరు అది చదివి, "అడక్కుండానే చెప్తున్నారంటే గట్టిగానే పెరుగుతుందన్నమాట" అని వ్యానును తెచ్చి వరసలో పెట్టాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ.

వరస రోడ్డు మీదికి పాకింది. ఊరికే నిలబడ్డవాళ్ళకు కారణాలు కావాలి కదా, అవి కూడా వచ్చి వరసలో నిలబడ్డాయి. ఎక్కడో సముద్రంలో ఓడ అడ్డం తిరిగిందట. లేదు లేదు, ఎక్కడో శుద్ధి కర్మాగారం మరమ్మతుకని మూశారట. అదీ కాదు, పన్ను పెంచుతున్నారట. నిజానికి రేటు హఠాత్తుగా పెరిగినప్పుడు వినబడే కారణాలు ఇవే. ముడిచమురు ఖరీదవుతుంది, రవాణా ఆగుతుంది, పన్ను మారుతుంది. ఇవాళ వీటిలో ఒక్కటీ జరగలేదు. ఇవాళ జరిగిందల్లా ఒక మేకు వదులవడం. కానీ వదులైన మేకు వల్ల ఇంతమంది వచ్చారంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

మేనేజరు చెమట తుడుచుకుని యజమానికి ఫోను చేశాడు.

"అయ్యా, ఇక్కడ జనం విరగబడుతున్నారండీ. రేటు పెరుగుతుందని ఎవరో పుట్టించారు."

"పుట్టించడమేంటయ్యా, పెరుగుతోంది! నాకు పొద్దుట్నుంచి ముగ్గురు ఫోన్ చేశారు."

"ఎవరండీ వాళ్ళు?"

"నాకు బాగా కావలసినవాళ్ళు. ముగ్గురూ మన బంకు ముందు వరసలోనే ఉన్నారట. రేపు పెరిగే సరుకుని ఇవాళ పాత రేటుకి అమ్ముకుంటావా? ఆపెయ్!"

ఇప్పుడు ఆపితే తన ఎముకలు లెక్కకు రావని మేనేజరుకు తెలుసు. మధ్యేమార్గంగా మనిషికి పది లీటర్లే అన్నాడు. రెండు లీటర్లు పోయించుకుపోదామని వచ్చిన స్కూటరువాళ్ళు కూడా, తమ వంతు పది లీటర్లు వదులుకోవడం ఇష్టంలేక ఇంటికి ఫోను చేసి డబ్బాలు తెప్పించుకున్నారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెతలోని రెండు సగాలూ ఆయనకు ఒకే అరగంటలో కళ్ళబడ్డాయి.

అప్పుడు ఆయనకొక ఆలోచన వచ్చింది. యజమానికి తెలిసినవాళ్ళు చెప్పారు. వందమంది పనులు మానుకుని వచ్చారు. ఇంతమందికీ మతిపోయి ఉంటుందా? తనకు తెలియకుండా నిజంగానే పెరుగుతోందేమో! మేకు సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి కూడా ఆ క్షణాన మేకును మరిచిపోయాడు. వెంటనే ఇంటికి ఫోను చేశాడు.

"నువ్వు త్వరగా బయల్దేరు. రేటు పెరిగేలా ఉంది."

"అదేంటండీ, రేటు పెట్టేది మీరే కదా?"

"నేను పెట్టేది రేకు. రేటు కాదు. నువ్వు ముందు బయల్దేరు!"

ఆవిడ తొమ్మిదింపావుకు రోడ్డు మొదట్లోకి వచ్చింది. ఎత్తు కింద నుంచి పైన బంకు దాకా బండ్లే. ముల్లు ఎర్రగీత దాటి కిందికి పోయింది. వెనక్కి తిప్పుకునే చోటు లేదు, తిప్పినా మైదానం దాకా చేరే పెట్రోలు లేదు. ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చుకుని వరస చివర నిలిచింది. పక్కసీట్లో మామగారు పేపరు విప్పుకున్నాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి దిగిన మనిషి. ఆయనకు తొందరన్నది చచ్చి చాలా కాలమైంది.

మేనేజరు పరుగున కిందికి వచ్చాడు. "పక్క గేటు తీయిస్తాను, ఇటునుంచి వచ్చెయ్."

ముందున్న బండ్లలోంచి తలలు బయటికొచ్చాయి. డబ్బా నింపించుకోవడానికి రెండోసారి వచ్చి నిలబడ్డ టాక్సీ డ్రైవరు అందరికీ వినబడేలా అన్నాడు: "చూశారా? సొంత భార్యనే పిలిపించుకున్నారు! ఇంకా 'ఏం లేదు' అంటారు!"

ఆ మాట పైకీ కిందికీ పాకింది. మేనేజరుగారి ఆవిడే స్వయంగా వరసలో ఉందంటే ఇక అనుమానమేముంది? వెనక మరో పది బండ్లు చేరాయి. ఆవిడ భర్త వైపు చూసి నెమ్మదిగా అంది:

"మీరెళ్ళి పంపు దగ్గర నిలబడండి. ఇక్కడే ఉంటే ఇంకా వస్తారు."

ఆయన వెళ్ళాడు. ఆవిడ అద్దంలోకి చూసింది. తన కారు వెనకే, జానెడు దూరంలో, కొత్తగా మెరిసిపోతున్న తెల్ల కారు వచ్చి ఆగింది. స్టీరింగు వెనక ఒక కళ్ళజోడు. 

"మామయ్యగారూ, వెనకున్నది మళ్ళీరా గారు!"

మామగారు పేపరులోంచి తలెత్తకుండానే అన్నాడు: "అమ్మాయ్, నేను ముప్పై ఏళ్ళు బస్సు తోలాను. ఎత్తు మీద ఉన్నప్పుడు వెనక ఎవరున్నారో ఒక్కసారి కూడా చూడలేదు. వెనకవాడికి కళ్ళుంటాయి."

"కారు వెనక్కి జారితే?"

"ఆయనకి కళ్ళజోడు కూడా ఉంది కదా. ముందు బండి కదిలింది, పోనీ."

ఆవిడ పోనిచ్చింది. కాళ్ళు వణుకుతున్నాయి. క్లచ్చు సగం వదిలి, కారు ముక్కు కాస్త పైకి లేవడం చూసి, హ్యాండుబ్రేకు దించింది. కారు మూడడుగులు ముందుకు పోయి ఆగింది. వెనక తెల్ల కారు కూడా మూడడుగులు వచ్చి, మళ్ళీ జానెడు దూరంలోనే ఆగింది. మామగారు జేబులోంచి పెన్సిలు తీసి పేపరు అంచు మీద ఒక గీత గీశాడు.

"ఒకటి" అన్నాడు.

అలా రెండు, మూడు, పది. ఇరవయ్యోసారి ఇంజను దగ్గి ఆగిపోయింది. కారు వెనక్కి ఒరగబోయింది. ఆవిడ చెయ్యి ఆలోచించకుండానే హ్యాండుబ్రేకు లాగేసింది. అద్దంలో కళ్ళజోడు ఒక్కసారిగా పెద్దదైంది. జానెడు దూరం బెత్తెడైంది గానీ అక్కడే నిలిచింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇంక నావల్ల కాదు మామయ్యగారూ."

"ఇది లెక్కలోకి రాదులే. మళ్ళీ ఇరవై" అని ఆయన పేజీ తిప్పాడు.

ముప్పై దాటాక ఆవిడ కాళ్ళు వణకడం మానేశాయి. నలభై దాటాక వెనక్కి చూడటం మానేసింది. అప్పుడు గడియారం చూసింది. పదకొండైంది. టెస్టు మైదానంలో ఆ పాటికి తన పేరు పిలిచి, లేదని రాసుకుని ఉంటారు. పన్నెండేళ్ళ వార్డు, ఆ చప్పుడు చేసే ట్రాలీ, పొద్దు తెలియని ఆ ట్యూబులైట్లు ఆవిడ కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. ఏడవడానికి కూడా తీరిక లేదు. ముందు కారు కదిలింది.

ఈలోగా అసలు అవసరమైన బండి ఒకటి వరస చివర ఇరుక్కుపోయింది. అది పదింటికి బంకుకు రావలసిన పెట్రోలు ట్యాంకరు. దాని డ్రైవరు హారను కొడుతూ పక్కనుంచి పైకి రాబోతే, జనం అడ్డం పడ్డారు. "మేమంతా పొద్దుట్నుంచి నిలబడ్డాం, నువ్వేమన్నా పై నుంచి దిగావా? వరసలో రా!" అన్నారు. "అయ్యా, పెట్రోలు నా దగ్గరే ఉంది!" అని అతను మొత్తుకున్నాడు. "ఉన్నవాడివి మళ్ళీ దేనికొచ్చావ్?" అని ఎవరో నిలదీశారు.  ట్యాంకరు బుద్ధిగా వరసలో నిలబడింది.

పదకొండున్నరకు ఆవిడ కారు పంపు ముందుకు చేరింది. పైపు పట్టుకుని మేనేజరే నిలబడి ఉన్నాడు. ఆయన మొహం పీక్కుపోయి ఉంది.

"టైమైపోయిందిగా" అన్నాడు. "అంతా నావల్లే. ఒక్క మేకు... నిన్ననే పెట్రోలు పోయించి ఉంటే..."

"ముందు పొయ్యండి" అంది ఆవిడ.

పైపులోంచి నాలుగు లీటర్లు వచ్చి, ఆ తరువాత గాలి వచ్చింది. బంకులో పెట్రోలు అయిపోయింది. పెద్దాయన 'నో స్టాక్' అట్ట తగిలించాడు. వెనక తెల్ల కారు తలుపు తెరుచుకుంది. మళ్ళీరా గారు దిగి, కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చాడు. ఆవిడ కూడా దిగి, చేతులు కట్టుకుని నిలబడింది.

"సార్, పదకొండుకి నా టెస్టు ఉండింది. క్యూలో ఇరుక్కుపోయి రాలేకపోయాను."

"నేనిక్కడుంటే అక్కడ టెస్టు ఎవరు పెడతారమ్మా?" అన్నాడు ఆయన. "పావుగంటలో అయిపోతుందనుకుని వచ్చాను. మిగతా అభ్యర్థులు కూడా ఈ వరసలోనే ఉండుంటారు."

 ఆయన వంగి తన కారు ముందుభాగం చేత్తో తడిమి చూసుకున్నాడు.

"ఈ కారు కొని వారమైంది. ముందున్నది మీరని చూడగానే నాకు పైప్రాణాలు పైనే పోయాయి. రెండు గంటలు ఊపిరి బిగబట్టి కూర్చున్నానమ్మా. ఎన్నిసార్లు ఎత్తు మీద ఆపి తీశారో మీకు తెలుసా?"

"యాభై ఎనిమిది" అన్నాడు మామగారు కిటికీలోంచి, పేపరు అంచు చూపిస్తూ.

"నేను యాభై తొమ్మిది లెక్కపెట్టాను."

"ఇరవయ్యోది నేను కొట్టేశాను."

ఇన్‌స్పెక్టరు ఒక క్షణం ఆలోచించి, న్యాయమేనన్నట్టు తలూపాడు. "ఎత్తు పరీక్ష అయిపోయింది. మిగతాది ఉంది. నా కారులో చుక్క లేదు. నన్ను ఆఫీసులో దింపండి, దారిలో చూస్తాను."

ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు, మామగారు వెనక్కి మారాడు. కారు బంకు దాటి పదడుగులు వెళ్ళిందో లేదో, 'నో స్టాక్' అన్న అట్ట చూసి విడిపోయిన వరసను చీల్చుకుంటూ ట్యాంకరు ఎదురుగా వచ్చి నిలబడింది. రెండు బండ్లూ పోయే చోటు లేదు. ఆవిడ అద్దాలు రెండూ చూసుకుని, కారును వెనక్కి పోనిచ్చి, పొద్దున మేనేజరు తీయించినా తాను వాడుకోని ఆ పక్క గేటులోకి ఒక్క ఊపున తిప్పి పెట్టింది. రెండువైపులా బెత్తెడేసి జాగా మిగిలింది. ట్యాంకరు డ్రైవరు చెయ్యెత్తి దండం పెట్టాడు.

ఇన్‌స్పెక్టరు ఒళ్ళోని కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆఫీసు దగ్గర దిగాక తలుపు వేస్తూ అన్నాడు: "సాయంత్రం లైసెన్సు తీసుకెళ్ళండి. ఇంక మళ్ళీ రాకండి."

ఆవిడ స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చింది. మామగారు పెన్సిలు గీతలున్న ఆ పేజీని జాగ్రత్తగా చించి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు సాయంత్రం ఆవిడ లైసెన్సు చూపించింది. ఆ పైవారం ఉద్యోగంలో చేరింది. మొదటిరోజున ఆసుపత్రి కారులో, ఏడున్నరకే, ఎత్తు ఎక్కి బంకు ముందుకు వచ్చింది. మేనేజరు నిచ్చెన మీద ఉన్నాడు. ఆ తెల్లవారుజామునే కంపెనీ నుంచి కబురొచ్చింది. ఓడల వల్లో పన్నుల వల్లో ఆయనకు తెలియదు గానీ, రేటు కాస్త తగ్గింది. నిద్రమత్తులో లేవడం ఆలస్యమై, పట్టపగలు ఎక్కవలసి వచ్చింది.

ఆవిడ రోడ్డు మీదే, ఎత్తు మీదే, కారును కదలకుండా నిలబెట్టి కిటికీలోంచి అడిగింది.

"ఏమండీ, పెరుగుతోందా?"

"లేదు. తగ్గుతోంది" అన్నాడు ఆయన గర్వంగా, చేతిలో పలక చూపిస్తూ. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి, రేటు మారే రోజున, అడిగిన వెంటనే, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

ఆవిడ భర్త మొహంలోకి కాసేపు పరీక్షగా చూసింది. తరువాత కారును పంపు వైపు తిప్పింది.

"ఎందుకైనా మంచిది, ఫుల్ ట్యాంకు కొట్టించండి" అంది.

ఆవిడ వెనక అప్పటికే మూడు బండ్లు ఆగి ఉన్నాయి.